పోకర్ నేర్చుకుంటానన్న అల్లుడికి

విజయవాడ

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి గుంటూరు నుంచి వచ్చేలోపు ఐదు ముక్కల పోకర్ నేర్చుకోవాలని ఉందన్నావు. నేర్చుకో. రమ్మీ, మూడు ముక్కలాట ఇప్పటికే ఆడతావు కాబట్టి పద్ధతి ఒక్క పూటలో పట్టుబడుతుంది. నిన్ను ముంచేవి కూడా ఆ రెండు ఆటల అలవాట్లే. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఆట ఇదీ. జోకర్లు తీసేసిన 52 ముక్కల పేక. ముందుగా అందరూ మధ్యలో తలా ఒక చింతపిక్క వేస్తారు. తలా ఐదు ముక్కలు పంచాక, పంచినవాడి ఎడమ పక్కవాడి నుంచి ఒక చుట్టు పందెం. ఆ తర్వాత అక్కర్లేని ముక్కలు బోర్లా పడేసి, అన్నే కొత్తవి తీసుకుంటారు. మళ్లీ ఒక చుట్టు పందెం. చివరిదాకా నిలబడ్డవాళ్లు షో చేస్తారు.

ఏది దేన్ని కొడుతుందో రాసి పెట్టుకో. కింది నుంచి పైకి: జత, రెండు జతలు, మూడు ఒకటే, సీక్వెన్సు (ఐదూ వరుసగా), కలరు (ఐదూ ఒకే గుర్తువి), ఫుల్ హౌస్ (అంటే మూడు ఒకటే, పక్కన ఒక జత), నాలుగు ఒకటే, అన్నిటి మీదా ఒకే కలరులో సీక్వెన్సు. ఇక్కడే మూడు ముక్కలాట వాళ్లు బోల్తా పడతారు. అక్కడ కలరుని సీక్వెన్సు కొడుతుంది, ఇక్కడ సీక్వెన్సుని కలరు కొడుతుంది. అక్కడ ట్రయిల్‌కి, అంటే మూడూ ఒకటే అయితే, తిరుగులేదు. ఇక్కడ మూడు ఆసులు చేతిలో ఉన్నా మామూలు సీక్వెన్సు ముందు ఓడిపోవాల్సిందే. ఏది అరుదో అదే పెద్దది, అంతే లెక్క. మూడు ముక్కల్లో కలరు 1,096 రకాలుగా పడితే సీక్వెన్సు 720 రకాలుగానే పడుతుంది. ఐదు ముక్కలకి అది తిరగబడి కలరు 5,108, సీక్వెన్సు 10,200 అవుతాయి.

రమ్మీ అలవాటు ఇంకా ప్రమాదం. చేతిలో 7, 8, 10, జాకీ ఉన్నాయనుకో. రమ్మీలో అయితే తొమ్మిది కోసం కాచుకుని కూర్చోవచ్చు, ప్రతి చుట్టులోనూ ఒక ముక్క తీస్తావు కదా. ఇక్కడ మార్పిడి ఒక్కసారే. నీకు కనపడని 47 ముక్కల్లో తొమ్మిదులు నాలుగే, అంటే పన్నెండుసార్లు ఆశపడితే ఒకసారి వస్తుంది. ఇలాంటివి వదిలెయ్. ఒకే కలరువి నాలుగుంటే కొంత నయం, 47లో 9 పనికొస్తాయి. అప్పుడు కూడా మధ్యలో ఎంతుందో చూసుకో. నువ్వు 5 వెయ్యాల్సి వస్తే అక్కడ కనీసం 22 ఉండాలి, లేకపోతే గిట్టదు.

జత సంగతి చూద్దాం. ఇస్పేటు తొమ్మిది, కళావరు తొమ్మిది, ఆఠీను ఆసు, డైమను ఐదు, ఇస్పేటు రెండు వచ్చాయి. ఆసుని పడెయ్యడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. పడెయ్. మూడు ముక్కలూ మారిస్తే వందలో 29 సార్లు చెయ్యి మెరుగుపడుతుంది, ఆసుని పట్టుకుని రెండే మారిస్తే 26 సార్లు. అసలు ఇలాంటి చిన్న జతతో, నీకంటే ముందు ఇద్దరు పందెం పెంచి ఉంటే, మార్పిడి దాకా వెళ్లకుండానే ముక్కలు బోర్లా పెట్టేసి డ్రాప్ అయిపో. పంచిన చేతుల్లో సగానికి సగం ఏమీ లేనివే ఉంటాయి. జాకీల జత కంటే తక్కువైతే ఆట మొదలుపెట్టకూడదని కొన్నిచోట్ల నిబంధనే ఉంది. కొత్తలో నువ్వూ అది పాటించు.

ఎదుటివాళ్ల ముఖాలు చూసి కనిపెట్టేస్తామని అందరూ అనుకుంటారు. ముఖం సంగతి తర్వాత, ఎన్ని ముక్కలు మార్చారో లెక్కపెట్టు. మూడు మారిస్తే జత. ఒకటి మారిస్తే రెండు జతలైనా ఉండాలి, కలరుకో సీక్వెన్సుకో ఒక్క ముక్క తక్కువైనా ఉండాలి. ఒక్కటీ మార్చనివాడు పందెం పెంచుతుంటే నీ రెండు జతలు బోర్లా పెట్టెయ్. ఒకవేళ చేతిలో ఏమీ లేకుండానే పెంచి, బ్లఫ్ చేసి లాక్కుపోయినా పోనీ. పందెంలో చివర మాట్లాడే చోటు దొరికితే అదృష్టం, అందరి సంగతీ చూసి నిర్ణయించుకోవచ్చు.

బ్లఫ్ ఇప్పుడే వద్దు. ముఖ్యంగా మీ నాన్న ఆటలో ఉంటే అస్సలొద్దు. అవతలివాడి చేతిలో ఏముందో చూడందే బావగారికి అన్నం సయించదు. ఆయన డ్రాప్ అవడం నేను చూడలేదు. మంచి చెయ్యి వచ్చినప్పుడు ధైర్యంగా పెంచు, ఆయనే వేస్తాడు.

పందెం చింతపిక్కలతోనే. తలా 100 పంచుకుందాం. ఫోన్‌లో డబ్బులు పెట్టి ఆడే పోకర్ జోలికి వెళ్లావని తెలిస్తే మీ అమ్మకి ముందు నేనే చెబుతాను. మన రాష్ట్రంలో దాన్ని 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన మాట పట్టుకుని వాదించకు. అది పదమూడు ముక్కల రమ్మీ గురించి చెప్పింది, అది కూడా మన రాష్ట్రం కేసే.

ఈలోగా ఒక్కడివే కూర్చుని నలుగురికి పంచినట్టు పంచుకో. నాలుగు చేతులూ తెరిచి, ఎవరు డ్రాప్ అవ్వాలో, ఎవరు ఏవి పడెయ్యాలో ముందు అనుకుని, తర్వాత ముక్కలు తీసి చూడు. అనుమానం వస్తే ఆ ఐదు ముక్కల ఫొటో పంపు. రాత్రి తొమ్మిది దాటాక చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య