అరోరా చూడాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

అరోరా, అంటే ఉత్తర ధ్రువం వైపు రాత్రి ఆకాశంలో కనబడే రంగుల వెలుగులు అనగానే అందరూ ఐస్‌లాండ్ టికెట్లు వెతుకుతారు. అమెరికాలో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా గడువు తీరినవాళ్లు అటు వెళ్తే తిరిగి రావడానికి స్టాంపింగ్, అంటే కాన్సులేట్‌లో కొత్త వీసా ముద్ర కావాలి. అంత ఖర్చు, అంత తలనొప్పి దేనికండీ? అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌కు సియాటిల్ మీదుగా ఎగిరితే దేశం దాటే పనే లేదు. కారులో వెళ్తే మాత్రం మధ్యలో కెనడా తగులుతుంది. ఆ రూల్సు మీరే చూసుకోండి.

పిల్లల సెలవులని జూలైలో బయల్దేరేవాళ్లున్నారు. అప్పుడక్కడ రాత్రయినా చీకటి పడదు. డిసెంబరులో చలి ఒక్కోసారి మైనస్ 40 దాకా పోతుంది. మార్చి మేలు: ఆకాశం తేటగా ఉంటుంది, చలి కాస్త తగ్గుతుంది.

కొత్తవాళ్లు పొదుపనుకుని పోగొట్టుకునేది రాత్రుల దగ్గర. శని, ఆదివారాలకి వెళ్తారు, రెండు రాత్రులూ మబ్బే, టికెట్ డబ్బులు గోవిందా. నాలుగు రాత్రులు ఉండండి. ఫెయిర్‌బ్యాంక్స్ అరోరా వలయం (అరోరా ఎక్కువగా కనబడే పట్టీ) కిందే ఉంది కాబట్టి అరోరా జోరు చెప్పే కేపీ అంకె 2 ఉన్నా చాలు. ఆ అంకె కోసం యాప్ చూస్తూ కూర్చోకుండా మబ్బుల మ్యాప్ చూడండి. రాత్రి 10 నుంచి 3 దాకా మేలుకోవాలి.

మిగుల్చుకునేది వేరేచోట. టూర్ వ్యానుకి తలకింత కడతారు. నలుగురుంటే అద్దె కారే చవక. బుక్ చేసేముందు ఇంజన్ బ్లాక్ హీటర్ (కరెంటుతో ఇంజన్‌ని వెచ్చబెట్టేది) ఉందా, స్టడ్ టైర్లు (మంచు మీద జారకుండా మేకులున్నవి) ఉన్నాయా అని అడగండి. చలి గట్టిగా ఉంటే బయల్దేరేముందు కొన్ని గంటలు ఆ హీటర్‌ని ప్లగ్‌లో పెట్టాలి. లేకపోతే బండి కదలదు, టోయింగ్ బిల్లు మీ నెత్తిన పడుతుంది. ఊరికి ఇరవై మైళ్ల దూరంలో, స్టీస్ హైవే మీదున్న క్లియరీ సమ్మిట్‌కు వెళ్లండి. చల్లగాలి లోయలోకి దిగి ఊళ్లోనే నిలిచిపోతుంది కాబట్టి గట్టి చలి రోజుల్లో కొండ మీదే వెచ్చగా ఉంటుంది, మంచుపొగ కూడా ఉండదు. ఇంజన్ ఆన్‌లో పెట్టి కూర్చుంటే సైలెన్సర్‌కి మంచు అడ్డం లేకుండా చూసుకోండి. విషవాయువు లోపలికొస్తే ప్రాణానికే ముప్పు.

వందల డాలర్ల జాకెట్ కొనకండి, మళ్లీ ఎక్కడేసుకుంటారు? పార్కా (టోపీ ఉన్న మందపాటి చలికోటు), బూట్లు అక్కడే అద్దెకిస్తారు. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. బిగిస్తే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారతాయి. జీన్సు, కాటన్ సాక్సు వద్దు. చెమట పట్టి తడిసి అవే గడ్డకట్టిస్తాయి; ఉన్నివి వేసుకోండి. పులిహోర డబ్బా డిక్కీలో పెడితే తెల్లారేసరికి ఇటుకే.

ఫోన్ లోపలి జేబులో ఉంచాలి, చలికి బ్యాటరీ పడిపోతుంది. ట్రైపాడ్ మీద నైట్ మోడ్ చాలు. కెమెరా అయితే ఐఎస్ఓ 1600, ఎఫ్ 2.8, ఎనిమిది సెకన్లతో మొదలుపెట్టండి. గదిలోకి వెళ్లేముందు బయటే జిప్‌లాక్ సంచిలో మూసేయండి, లేకపోతే లెన్సు చెమరుస్తుంది. మొదట్లో అరోరా కంటికి బూడిదరంగు మబ్బులా కనబడుతుంది. అనుమానముంటే ఫోటో తీయండి, ఆకుపచ్చగా వస్తే అదే. అరోరా వస్తే నిద్రలేపే ఫోను అక్కడ చాలా హోటళ్లలో ఉంది. చెక్-ఇన్ అప్పుడు పేరు రాయించుకోండి, మామూలుగా దానికి డబ్బులు తీసుకోరు.