గ్వాంగ్‌హ్వామున్ పాతదేనా, 2010లో కట్టిన కొత్త గేటా?

సియోల్‌లో మూడు రోజులే ఉంటామని, అక్కడి గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజ ప్యాలెస్‌కి ముఖద్వారమైన గ్వాంగ్‌హ్వామున్ 2010లో కట్టిన గేటేనని ఎవరో అన్నారని, దానికోసం ఒక పూట పెట్టాలా అని ఒకరు అడిగారు. పెట్టండి. వాళ్లు చెప్పింది సగమే నిజం.

సియోల్ దగ్గరి సువాన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు 2019లో మొదటిసారి వెళ్లాను, అదీ మంగళవారం. గ్యోంగ్‌బొక్‌గుంగ్ ప్యాలెస్‌కి ఆ రోజు సెలవని నాకు తెలీదు. చేసేదేం లేక గేటు ముందే గంటసేపు తిరిగాను. ఇప్పుడనిపిస్తుంది, అదే మంచిదైందని. తలుపులు తెరిచి ఉంటే నేనూ అందరిలాగే ఒక ఫోటో తీసుకుని లోపలికి పరిగెత్తేవాణ్ణి.

కింద గ్రానైట్ గోడ, దానిలో మూడు కమాను ద్వారాలు. నడిమిది రాజుకి, పక్కవి మిగతావాళ్లకి. పైన రెండంతస్తుల చెక్క మండపం, దూలాల మీద ఆకుపచ్చ, ఎరుపు రంగుల దాన్‌చాంగ్ చిత్రలేపనం. చెక్కంతా కొత్తదే. కానీ గోడ దగ్గరికెళ్లి రాళ్లు చూడండి. మరకలుపట్టి నల్లబడిన రాయి పక్కనే తెల్లగా, నున్నగా కొత్త రాయి ఉంటుంది. ఈ గేటు కథంతా ఆ అతుకుల్లోనే ఉంది.

మొదట 1395లో కట్టారు. 1592లో జపాన్ దండెత్తినప్పుడు ప్యాలెస్‌తోపాటు కాలిపోయింది. దాదాపు 270 ఏళ్లు అలాగే పాడుబడి ఉంది. 1860లలో గోజోంగ్ రాజు తండ్రి హుంగ్‌సాన్ దేవొన్‌గున్ మళ్లీ కట్టించాడు. తర్వాత జపాన్ పాలనలో సింహాసన మందిరానికి ఎదురుగానే తమ పరిపాలనా భవనం లేపారు. దాని ముందు గేటు అడ్డమైంది. కూల్చేద్దామనుకుంటే జపాన్‌లోనే కళా విమర్శకుడు యానాగి మునెయోషి లాంటివాళ్లు వద్దని గొడవపెట్టారు. చివరికి 1927లో విప్పి తూర్పు గోడ వైపుకి మార్చారు. కొరియా యుద్ధంలో పై చెక్క కాలిపోయి, రాయి మాత్రం మిగిలింది.

1968లో ఆ రాళ్లను మళ్లీ ముందుకి తెచ్చి, పైన కాంక్రీటుతో మండపం పోసి చెక్కలా రంగేశారు! పైగా అసలు చోటుకి పది మీటర్లకు పైగా వెనక, కొద్ది డిగ్రీలు పక్కకి తిరిగి నిలబెట్టారు. జపాన్ వాళ్ల భవనం అప్పటికీ ప్రభుత్వ ఆఫీసుగా అక్కడే ఉంది, దాని వరసలోనే గేటు పెట్టారు. ఆ భవనాన్ని 1990లలో కూల్చేశాక గేటు ఒంటరిగా వంకరగా మిగిలింది. అందుకే దాన్ని విప్పేసి, అసలు చోటులో పైన్ చెక్కతో కట్టి, 2010 ఆగస్టు 15న తెరిచారు. కాబట్టి 2010 నాటిదన్న మాట తప్పేం కాదు, కానీ ఎందుకు కట్టాల్సొచ్చిందో తెలియకపోతే ఆ ఏడాది చెప్పి లాభం లేదు.

పేరు బోర్డు కథ ఇంకోటి. కొత్తగా పెట్టిన మూడు నెలలకే చీలిపోయింది. రంగు కూడా తప్పేనని తర్వాత పాత ఫోటోలు, రాతలు చూసి తేల్చారు. 2019లో నేను చూసింది తెల్లటి పలక మీద నల్ల అక్షరాలు. 2024లో మా ఆవిడతో వెళ్తే నల్ల పలక మీద బంగారు అక్షరాలు. 2023 అక్టోబరులో మార్చారట. మొదటిసారి కార్లు తిరుగుతున్న చోట ఇప్పుడు వొల్దె అనే 48.7 మీటర్ల రాతి అరుగు ఉంది. ఇదీ జపాన్ కాలంలో ట్రామ్ పట్టాల కింద పోయిందే.

అరుగు ముందున్న రెండు రాతి జంతువులు హెతెలు. దక్షిణాన ఉన్న గ్వానాక్ కొండ నుంచి నిప్పు గండం రాకుండా కాస్తాయని నమ్మకం. ఈ గేటు ఎన్నిసార్లు కాలిందో తెలిశాక వాటిని చూస్తే కాస్త జాలేసింది.

మెట్రో 3వ లైన్ గ్యోంగ్‌బొక్‌గుంగ్ స్టేషన్ 5వ ఎగ్జిట్‌లో దిగితే నేరుగా గేటు లోపలి పక్కకి వస్తారు, ముందు భాగం కనబడదు. 5వ లైన్‌లో గ్వాంగ్‌హ్వామున్ స్టేషన్‌లో దిగి గేటు ముందున్న స్క్వేర్ మీదుగా నడిచి రండి. గేటు వెనకే బుగాక్ కొండ కనిపిస్తూ ఉంటుంది. మంగళవారం మాత్రం వద్దు.