మావాడు డైవింగ్ సామాను చేస్తాడట, ఎవరికైనా ఏమైనా అయితే మా ఇల్లు పోతుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర. రొయ్యల చెరువుల నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చేసే షెడ్డు ఉంది. మావాడు మెకానికల్ ఫైనలియర్. డైవర్లు నీళ్లలో ఊపిరి పీల్చుకోడానికి వాడే రీబ్రీదర్లు తయారుచేసే స్టార్టప్ పెడతానంటున్నాడు. నీళ్లలో ఎవరైనా చనిపోతే కేసు మా మీదకొచ్చి ఇల్లు, షెడ్డు పోతాయేమో. స్టార్టప్ మంచిదా, ఉద్యోగం మంచిదా?

జవాబు: కుదించాం గానీ, మీ ఉత్తరంలో ‘కేసు’ అన్న మాట ఏడుసార్లు ఉందండీ. అబ్బాయికి ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఒక్క ముక్క లేదు. నిన్న డ్రోన్లు, మొన్న ఈ-బైకులు, ఇవాళ ఇది. సామాను మారుతుందే గానీ తండ్రులు అడిగేది ఒకటే, వీడి చేతిపనికి మా ఆస్తి పోతుందా అని.

భయం ఉత్తిది కాదు. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తయారీదారు బాధ్యతకి విడిగా ఒక అధ్యాయమే ఉంది. తయారీలోనో డిజైన్‌లోనో లోపం ఉంటే సరేసరి, ఎలా వాడాలో, ఎక్కడ ప్రమాదమో సరిగ్గా రాసివ్వకపోయినా చేసినవాడే బాధ్యుడు. మనిషి పోతే వారసులు కేసు వెయ్యొచ్చు. ఏమైనా అయితే నాదే బాధ్యత అని కొనేవాడితో ముందే కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అన్నీ తీరిపోతాయని మీవాడు అనుకుంటుంటే ఆ మాట మర్చిపొమ్మనండి.

పైగా వాడు ఎంచుకున్నది మామూలు సామాను కాదు. రీబ్రీదర్ అంటే వదిలిన ఊపిరినే సోడాలైమ్ అనే రసాయనం గుండా పంపి, అందులోని కార్బన్ డయాక్సైడ్ తీసేసి, ఖర్చయిన ఆక్సిజన్ కలిపి మళ్లీ పీల్పించే యంత్రం. ఆక్సిజన్ సెన్సర్ తప్పు చూపిస్తే మనిషికి తెలియనే తెలియదు, ఊపిరి హాయిగానే ఆడుతుంది, స్పృహ పోతుంది. అదే డైవింగ్ లైటు అనుకోండి, ఆరిపోతే రెండోది తీసుకుంటాడు. చిన్న తయారీదారులు లైట్లు, తాడు రీళ్లు, సిలిండర్ తగిలించుకునే వీపు ప్లేట్ల దగ్గర ఆగిపోయేది తెలివి లేక కాదు. యూరప్‌లో రీబ్రీదర్ అమ్మాలంటే ఈఎన్ 14143 అనే ప్రమాణం దాటాలి. ఆ పరీక్షల ఖర్చు, వకీలు ఫీజు యాభై పీసులు చేసేవాడికీ యాభైవేలు చేసేవాడికీ పెద్దగా తేడా ఉండవు, పీసు మీద పడే భారమే తేడా. ఇక ప్రమాదం జరిగితే బోటువాడు, నేర్పినవాడు, అమ్మినవాడు, చేసినవాడు అందరూ కోర్టుకి వెళ్లాల్సిందే, తప్పు డైవర్‌దే అని చివరికి తేలినా అప్పటిదాకా అయిన ఖర్చు ఎవరిస్తారు? ఇది చిన్నవాళ్ల గోలే కూడా కాదు. విమానాలు చేసే సెస్నా అంతటి కంపెనీ ఈ కేసుల ఖర్చే కారణమని 1986లో చిన్న పిస్టన్ విమానాల తయారీ ఆపేసింది, 1994లో అమెరికా చట్టం మార్చాకే మళ్లీ మొదలుపెట్టింది.

ఇప్పుడు మీ సంగతి. ఏమనుకోకండి, మీరు నీళ్లలో కరెంటుతో తిరిగే యంత్రం చేస్తున్నారు. చెరువు గట్టున ఏరియేటర్ షాక్ కొట్టి పోయినవాళ్ల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు అమ్మిన దానికి సీరియల్ నంబరుందా? ఎర్తింగ్ ఎలా ఇవ్వాలో తెలుగులో ఒక కాగితమైనా ఇస్తున్నారా? షెడ్డు మీ సొంత పేరు మీద ప్రొప్రయిటర్‌షిప్ అయితే మీ ఇల్లు ఇప్పటికే ఆ రిస్కులో ఉంది, కొడుకు ఇంకా ఏమీ చెయ్యకుండానే! వాడు ప్రైవేట్ లిమిటెడ్ పెడితే అప్పులు మామూలుగా కంపెనీ దగ్గరే ఆగుతాయి (నిర్లక్ష్యం వల్ల చావు అని పోలీసు కేసైతే ఆ గొడుగు పనిచెయ్యదు, అది వేరే). నేను చూసినంతలో ఇళ్లు పోయింది కోర్టు కేసుల్లో కంటే, బ్యాంకు లోనుకి తండ్రి పెట్టిన గ్యారంటీ సంతకంతోనే.

స్టార్టప్ అన్న మాట మీద నాకు అనుమానం మీకంటే ఎక్కువే. కాలేజీలో పోటీ పెడతారు, పది స్లైడ్లు వేస్తారు, చెక్కు పట్టుకుని ఫొటో దిగుతారు, పిల్లాడు ఆ రాత్రే ఫౌండర్ అయిపోతాడు. ఈ యంత్రాన్ని ఎవరు పరీక్షించారు, ఏ బ్యాచ్ సెన్సర్ ఎవరికి వెళ్లింది అని ఆ వేదిక మీద ఎవరైనా అడగగా నేను వినలేదు.

అలాగని వాడి ఇష్టం తప్పు కాదు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన టూరిస్టు బోటుని కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందం తాళ్లూ లంగర్లూ వేసి అక్టోబరు 22న బయటికి లాగింది, మనమంతా టీవీల్లో చూశాం. నీటి అడుగున పనికి సామాను కావాలి, చేసేవాళ్లు కావాలి, మీవాడు షెడ్డులో పుట్టి పెరిగినవాడు, లేత్ చప్పుడు మధ్య పెరిగిన చెయ్యి ఊరికే పోదు. మూడు నాలుగేళ్లు గ్యాస్ సిలిండర్ల వాల్వులు చేసేచోటో, కాకినాడ వైపు ఆఫ్‌షోర్ డైవింగ్ సామాను మెయింటెనెన్స్‌లోనో క్వాలిటీ పనిలో చేరనివ్వండి, పరీక్షలూ రికార్డులూ అక్కడే వస్తాయి. ఆ తర్వాత లైట్లతో మొదలుపెడతాడు. రీబ్రీదర్ సంగతి వాడికి ముప్ఫై దాటాక చూద్దాం, కంగారేం లేదు.

ఈ సెలవుల్లో మాత్రం మీ ఏరియేటర్లకి నంబర్లు వేసి, ఏది ఎవరికి అమ్మారో పుస్తకం రాసే పని వాడికి అప్పజెప్పండి. జీతం ఇచ్చి.