తొమ్మిది మందిలో ముగ్గురు తప్పితే బడి చెడ్డదా?

ప్రశ్న: మా అబ్బాయిని ఎనిమిదో తరగతిలో చేర్చాలి. దగ్గర్లో ఉన్న హైస్కూల్లో పదో తరగతి రాసింది తొమ్మిది మందే. నిరుడు నూరు శాతం పాసయ్యారు, ఈసారి 67 శాతమే. ఏటా పిల్లలు తగ్గిపోతున్నారని కూడా విన్నాను. వాడికి లెక్కలంటే ఇష్టం. చేర్చమంటారా మేడమ్?

జవాబు: ముందు ఆ 67 గురించి టెన్షన్ వదిలేయండమ్మా. ఆరుగురు గట్టెక్కారు, ముగ్గురు తప్పారు, అంతే సంగతి. అక్కడ ఒక్కో పిల్లాడి విలువ 11 శాతం. పరీక్షల్లో ఇద్దరికి జ్వరమొస్తే బడి పేరు 22 శాతం కిందికి జారిపోతుంది. మూడు వందల మంది రాసే బడిలో అదే ఇద్దరి వల్ల ఒక శాతం కూడా కదలదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో బడుల మార్కులు చూసిన గణాంక శాస్త్రవేత్త హోవర్డ్ వైనర్‌కు పై వరుసలో చిన్న బడులు వాటి వాటాకు మించి కనిపించాయి. అట్టడుగున చూసినా అంతే. కాబట్టి నిరుటి నూరు శాతాన్నీ పెద్దగా పట్టించుకోకండి.

నేనైతే శాతాలు అడగను, తలలు లెక్కపెడతాను. అయిదేళ్లలో ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు అని అడగండి. అన్నీ కలిపితే ఒక నలభై యాభై మంది అవుతారు, అప్పుడు ఆ లెక్కను కాస్త నమ్మొచ్చు.

ఇంకో అంకె ఉంది, నా దృష్టిలో అసలుది అదే. ఇప్పుడు రాసిన తొమ్మిది మంది ఎనిమిదిలో ఉన్నప్పుడు రిజిస్టర్‌లో ఎన్ని పేర్లున్నాయి? పద్నాలుగు ఉంటే మిగతా అయిదుగురు ఏమయ్యారు? ఇల్లు మారారా, చదువు మానేశారా, లేక తప్పుతారనుకున్న వాళ్లకు ముందే టీసీ ఇచ్చి పంపేశారా? నూరు శాతం అలా కూడా వస్తుంది మరి. హెడ్‌మాస్టర్ రిజిస్టర్ తెరిచి ఒక్కో పేరు మీద వేలు పెట్టి సంగతి చెప్పగలిగితే మంచి గుర్తు. అంత చిన్న బడిలో అదేమీ కష్టం కాదు.

పిల్లలు తగ్గడం వల్ల వచ్చే చిక్కు ఫలితాల్లో కంటే టైంటేబుల్లో ముందు కనిపిస్తుంది. ఒకే పేరు లెక్కలు, ఫిజిక్స్, బయాలజీ మూడింటి ఎదురుగా ఉందేమో చూడండి. ఒక టీచర్ సెలవు పెడితే రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెడుతున్నారా అని పిల్లల్నే అడగండి, దాచకుండా చెప్పేస్తారు. ల్యాబ్‌లో మైక్రోస్కోపుకు వచ్చిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంటే ఇక అడగాల్సిన పని లేదు.

లెక్కలకు ఆ సబ్జెక్టు చదివిన టీచర్ ఉండి, కనీసం రెండు మూడేళ్లుగా అక్కడే చెబుతుంటే నిశ్చింతగా చేర్చండి. తొమ్మిది మందిలో మీవాడి నోట్‌బుక్ రోజూ ఆయన కళ్లబడుతుంది, పెద్ద బడిలో అది దొరకదు. ఆ పోస్టు ఖాళీగా ఉంటే మాత్రం దూరమైనా వేరే బడి చూడండి. వెళ్లేటప్పుడు పేరెంట్స్ మీటింగ్ రోజు కాకుండా మామూలు రోజున, మధ్యాహ్నం పూట వెళ్లండి.