సమాధానం: మోటార్-పంపు మోడల్‌లో లెక్క ఎందుకు పేలిపోతోంది?

1500 ఆర్‌పీఎం మోటార్-పంపు కంపన మోడల్‌ని సెంట్రల్ డిఫరెన్స్‌తో (కాలాన్ని చిన్న స్టెప్పులుగా కోసి కదలికను లెక్కించే పద్ధతి), 0.001 సెకను స్టెప్‌తో నడిపిస్తే విలువలు అనంతానికి పోతున్నాయన్నారు. కోడ్‌లో తప్పుందేమోనని టెన్షన్ పడకండి. 25 హెర్ట్జ్ తిరుగుడుకి ఆ స్టెప్ ధారాళంగా సరిపోతుంది, చుట్టుకి 40 స్టెప్పులు. కానీ మీరిచ్చిన మోడ్‌ల (సహజ కంపన రూపాల) జాబితాలో కప్లింగ్‌ది, అంటే మోటార్, పంపు షాఫ్టులను కలిపే భాగానిది, 600 హెర్ట్జ్ దగ్గరుంది. చిక్కంతా అక్కడే. ఈ పద్ధతిలో స్టెప్ 2/ω దాటకూడదు. ఇక్కడ ω అంటే మోడల్‌లోని అత్యధిక సహజ పౌనఃపున్యం, సెకనుకి రేడియన్లలో. 600 హెర్ట్జ్‌కి అది సుమారు 0.00053 సెకను. మీ స్టెప్ దానికి దాదాపు రెట్టింపు.

కప్లింగ్ కంపనం మీకు అక్కర్లేకపోతే న్యూమార్క్ పద్ధతికి (ఇదీ స్టెప్పులుగా లెక్కించేదే) మారండి, దాని గుణకాలు గామా 1/2, బీటా 1/4 పెట్టండి. లీనియర్ మోడల్ అయితే ఏ స్టెప్‌కీ పేలదు. పేలనంత మాత్రాన జవాబు సరైనదని కాదు లెండి. 600 హెర్ట్జ్‌ని నిజంగా చూడాలంటే దాని ఆవర్తన కాలానికి 20 స్టెప్పులైనా, అంటే 0.00008 సెకను కావాలి.

గ్రాఫ్‌లో సన్నటి రంపపు పళ్లు కనిపిస్తే హెచ్‌హెచ్‌టీ (హిల్బర్-హ్యూస్-టేలర్, న్యూమార్క్‌కే సవరించిన రూపం, ముఖ్యంగా అధిక పౌనఃపున్యాల కంపనాన్ని అణిచేది) పద్ధతిలో దాని గుణకం ఆల్ఫా −0.05 పెట్టి చూడండి (గామా, బీటాలు దానికి తగ్గట్టు మార్చాలి). మోడల్‌లో డ్యాంపింగ్ (కంపనాన్ని అణిచే గుణం) పెంచి కప్పేయడం మాత్రం నాకు నచ్చదు, అసలు రెజొనెన్స్ కూడా అణిగిపోతుంది.

తర్వాత స్టెప్ సగం చేసి మళ్లీ నడపండి. పంపు బేరింగ్ దగ్గర కంపనం పెద్దగా మారకపోతే ఆ ఫలితం వాడుకోవచ్చు.