మందు వేశాక కూడా కణితి పెరుగుతూనే ఉంటే మోడల్‌లో ఏం మార్చాలి?

మీరు అడిగింది ఇది: ఎలుకల్లో కణితి పెరుగుదలకు గాంపెర్ట్జ్ సమీకరణం (పెరుగుదల క్రమంగా మందగించి ఒక గరిష్ఠ పరిమాణం దగ్గర ఆగిపోతుందనేది) రాసి, అందులోంచి మందు చంపే కణాలను నేరుగా తీసేశారు. మోడల్‌లో డోసు పడ్డ క్షణం నుంచే కణితి తగ్గుతోంది. కొలతల్లో మాత్రం రెండు మూడు రోజులు పెరిగాకే తగ్గుతోంది. పైగా ఫిట్ చేసిన (కొలతలకు సరిపోయేలా మోడల్‌ను సర్దిన) ప్రతిసారీ పారామీటర్లు, అంటే మోడల్‌లోని స్థిరాంకాలు, వేరుగా వస్తున్నాయి.

కొలతలను అనుమానించకండి. కణితి పొడవు, వెడల్పు కొలిచే కాలిపర్‌కు బతికిన కణమూ, చావు ఖాయమైన కణమూ ఒకటే. మందు దెబ్బ తిన్న కణం ఆ రోజే మాయమైపోదు. విచ్ఛిన్నమై, శరీరం దాన్ని తొలగించేదాకా కణితి సైజులో దాని వాటా ఉంటుంది. మీ సమీకరణం ఆ కణాన్ని చచ్చిన రోజే లెక్కలోంచి కొట్టేస్తోంది.

దీనికి 2004లో సిమియోని బృందం ఇచ్చిన మోడల్ బాగా సరిపోతుంది. కణితిని నాలుగు గదులుగా ఊహించుకోండి. ఎక్స్1లో విభజన చెందే కణాలు ఉంటాయి. మందు వాటిని కే2 (మందు చంపే శక్తి) × రక్తంలో మందు గాఢత × ఎక్స్1 వేగంతో ఎక్స్2లోకి నెడుతుంది. అక్కడి నుంచి కే1 వేగంతో ఎక్స్3, ఎక్స్4 దాటి బయటికి పోతాయి. దెబ్బ తిన్న కణం పోవడానికి పట్టే సగటు సమయం 3 ÷ కే1. కొలతతో పోల్చాల్సింది ఎక్స్1ని కాదు, నాలుగు గదుల మొత్తాన్ని. మొదటిసారి రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

చిన్న లెక్క చూడండి. కణితి 1 గ్రాము, పెరుగుదల రేటు రోజుకు 0.2 (అంటే రెట్టింపుకు సుమారు 3.5 రోజులు), కే1 రోజుకు 0.6. ఒక్క డోసు 80 శాతం కణాలను ఒకేసారి దెబ్బ తీసిందనుకుందాం. ఆ క్షణంలో మొత్తం బరువు మారదు: 0.2 గ్రాములు బతికినవి, 0.8 చావబోయేవి. మర్నాటికి 1.03 గ్రాములు, మూడో రోజుకు 0.95, అయిదో రోజుకు 0.88. ఆరో రోజుకు మళ్లీ 0.91. అంటే 80 శాతం కణాలు పోయినా గ్రాఫులో కనిపించేది 12 శాతం తగ్గుదలే. అదే 60 శాతమే దెబ్బ తింటే కణితి ఒక్క రోజు కూడా తగ్గదు, పెరుగుదల మందగిస్తుందంతే. ‘కణితి చిన్నది కాలేదు, మందు పనిచేయలేదు’ అని తేల్చేసే ముందు ఈ లెక్క వేసి చూడాలని గట్టిగా చెబుతాను.

ఈ ఆలస్యాన్ని మందు గాఢత వైపు పెట్టి సరిచేసేవాళ్లూ ఉన్నారు. ఒక్క షెడ్యూల్‌కు అది బాగానే అతుకుతుంది. వారానికొకసారి ఇచ్చే డోసును రోజూ ఇచ్చేలా మార్చి చూడండి, అంచనా దారి తప్పుతుంది. రక్తంలోంచి మందు గంటల్లో వెళ్లిపోతుంటే ఆలస్యాన్ని కణాల వైపే పెట్టండి.

ఇక పారామీటర్లు నిలకడగా రాకపోవడం. గాంపెర్ట్జ్‌లో కణితి ఆగిపోయే గరిష్ఠ పరిమాణం ఒక పారామీటర్. ఎలుకల ప్రయోగాల్లో కణితి అంతదాకా పెరగదు, ముందే జంతువును ప్రయోగం నుంచి తీసేస్తారు. డేటాలో లేని విషయాన్ని సాఫ్ట్‌వేర్ ఎలా చెబుతుంది? అందుకే ఒక్కోసారి ఒక్కో విలువ. సిమియోని మోడల్‌లో పెరుగుదల మొదట ఘాతీయంగా, తర్వాత సరళరేఖలా సాగుతుంది. ఘాతీయ దశ రేటు లాంబ్డా0 రోజుకు 0.2, సరళరేఖ దశ వేగం లాంబ్డా1 రోజుకు 0.3 గ్రాములైతే మలుపు 1.5 గ్రాముల దగ్గర. ఆ మలుపు ఎంత పదునుగా ఉండాలో చెప్పే సై విలువను 20 దగ్గర స్థిరపరచండి, అంచనా వేయొద్దు.

అన్నీ ఒకేసారి ఫిట్ చేయకండి. మందు ఇవ్వని గ్రూపుతో లాంబ్డాలు, రక్త నమూనాలతో గాఢత మోడల్ ముందు తేల్చుకుని, వాటిని కదపకుండా కే1, కే2 వెతకండి. కనీసం రెండు మోతాదులు కావాలి. ఒక్క మోతాదుతో ప్రభావం గాఢతతో పాటు పెరుగుతూ పోతుందా, ఒకచోట ఆగుతుందా తెలియదు. డోసు తర్వాతి వారంలో కనీసం మూడు కొలతలు లేకపోతే కే1 దొరకదు.

గ్రూపు సగటును ఫిట్ చేయడం మాత్రం వెంటనే మానేయండి. పెద్ద కణితులున్న ఎలుకలు ముందు వెళ్లిపోతాయి, మిగిలినవాటి సగటు కిందికి దిగుతుంది, మందు లేకపోయినా పెరుగుదల తగ్గినట్టు భ్రమ కలుగుతుంది. ఒక్కో ఎలుకను విడిగా తీసుకునే మిశ్రమ ప్రభావాల పద్ధతి వాడండి. కొలత దోషాన్ని పరిమాణానికి అనుపాతంగా పెట్టండి. ఘనపరిమాణం 0.5 × పొడవు × వెడల్పు వర్గం కదా: 12 మి.మీ. పొడవు, 8 మి.మీ. వెడల్పుకు 384 ఘన మి.మీ. వెడల్పు 9 అని చదివితే 486. ఒక్క మిల్లీమీటరుకు 27 శాతం తేడా!

గంటలు, రోజులు కలిసిపోయాయేమో చూడండి, కలిస్తే 24 రెట్ల తప్పు. డోసు సమయాలను సాల్వర్‌కు (సమీకరణాలను అడుగడుగునా లెక్కించే ప్రోగ్రాముకు) విడిగా చెప్పండి. లేకపోతే పెద్ద అడుగు వేసి కొద్దిసేపే నరంలోకి ఎక్కించే మందును (ఇన్‌ఫ్యూజన్‌ను) దాటిపోతుంది, మందు ఇవ్వనట్టే ఫలితం వస్తుంది.

అన్నీ కుదిరాక లాంబ్డా0 ÷ కే2 లెక్కించండి. కే2 విలువ 0.001 (ఒక్కో నానోగ్రాము/మి.లీ.కు, రోజుకు) అయితే 200 నానోగ్రాములు/మి.లీ. వస్తుంది. గాఢత అంతకు పైన నిలిస్తేనే కణితి చివరికి కరుగుతుంది. దీన్ని మనుషులకు అన్వయించేటప్పుడు ప్రోటీన్లకు అంటుకోని మందునే పోల్చాలి. ఆ భాగం ఎలుకలో 2 శాతం, మనిషిలో 10 శాతం అయితే మొత్తం గాఢతలతో పోల్చిన లెక్క 5 రెట్లు తప్పుతుంది.

ఇంకొక జాగ్రత్త. 1 గ్రాము కణితిలో సుమారు 100 కోట్ల కణాలనుకుంటే, 10⁻⁹ గ్రాము అంటే ఒక్క కణం. సమీకరణానికి ఆ సంగతి తెలియదు. కణంలో వెయ్యో వంతుకు తగ్గినా అక్కడి నుంచి మళ్లీ కణితిని పెంచేస్తుంది. అంత కిందికి వెళ్తే ఒక్కో కణం విభజన, చావును సంభావ్యతతో లెక్కించే యాదృచ్ఛిక మోడల్‌కు మారాలి. మందుకు లొంగని కణాల ప్రశ్నకూ అదే దారి. 1979 నాటి గోల్డీ–కోల్డ్‌మన్ లెక్క ప్రకారం ఒక్కో విభజనకు కణం మందుకు లొంగనిదిగా మారే అవకాశం 10⁻⁶ అయితే, లక్ష కణాల కణితిలో లొంగని కణం ఒక్కటీ లేకపోయే సంభావ్యత 90 శాతం, పది లక్షలకు 37 శాతం, కోటికి దాదాపు సున్నా. కొలవగలిగే సైజుకు వచ్చిన కణితి ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటుంది. కాబట్టి ఒకే రకం కణాలతో రాసిన మోడల్‌తో ఆరు నెలల తర్వాత ఏమవుతుందో చెప్పకండి.

ముందుగా ఒక షెడ్యూల్ గ్రూపును పక్కన దాచి, మిగతావాటితో ఫిట్ చేసి, దాచినదాన్ని అంచనా వేయండి. తేడా వస్తే ఆ గ్రూపు గ్రాఫూ, మీ కే1 విలువా ఇక్కడ పెట్టండి, చూస్తాను.