ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు

మలక్‌పేట,
హైదరాబాదు.

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

ప్రభుత్వ ఆసుపత్రుల డిజిటల్ రికార్డుల పనికి మీ చిన్న సంస్థ టెండరు వేయబోతోందని మీ నాన్న చెప్పినప్పటి నుంచి మనసు ఉప్పొంగుతోంది, నిద్ర మాత్రం పట్టడం లేదు. ధరావతు, అనుభవ పత్రాలు గడువులోగా ఇవ్వడం నీకు తెలిసిన పనే. నా బెంగంతా ఒప్పందం రాత మీదే.

శాఖలో ఉండగా, పల్లె ఆరోగ్య కేంద్రాలను పట్నం వైద్యులతో వీడియోలో కలిపే పథకానికి ఒప్పంద పత్రం నేనే రాశాను. లెక్కపెట్టడం సులువని, నమోదైన ప్రతి సంప్రదింపుకూ ఇంత చొప్పున చెల్లింపు పెట్టాను. నమోదులు పెరిగాయి, వైద్యం పెరగలేదు. ఒకే దగ్గుకు మూడుసార్లు పేరు ఎక్కేది. ఒక ఏఎన్ఎం నా దగ్గరకు వచ్చి, బీపీ ఉన్న గర్భిణుల పేర్లు తెర మీద ముందుగా కనిపించేలా మార్చమని అడిగింది. ఎంత మంచి ఆలోచన! కానీ అయిదేళ్లకు సరిపడా ప్రతి తెరనూ అనుబంధంలో ముందే బిగించేశాను కనుక, ఆ చిన్న మార్పుకు కొత్త అంచనా, కొత్త మంజూరు కావలసి వచ్చి, ఫైలు నా బల్ల మీదే ఎనిమిది నెలలు పడి ఉంది. గడువు తీరాక సంస్థ రికార్డులు అప్పగించింది గానీ, వాళ్ల సాఫ్ట్‌వేర్ లేకుండా అవి తెరుచుకోలేదు. ఏ రూపంలో ఇవ్వాలో నేను రాయనే లేదు. ఆ ఏఎన్ఎం కాగితపు రిజిస్టర్లు ముందేసుకుని మళ్ళీ మొదటి నుంచి రాసుకోవడం కళ్ళారా చూశాను.

అందుకే టెండరు వేసే ముందు జరిగే ప్రీ-బిడ్ సమావేశంలో మొహమాటపడకుండా అడుగు: చెల్లింపులో కొంత భాగం బీపీ, షుగరు రోగులు మళ్ళీ పరీక్షకు రావడంతో ముడిపడాలి; ఆరు నెలలకోసారి చిన్న మార్పులకు విడిగా సొమ్ము ఉండాలి; రికార్డులు 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రమాణాల్లో, ఎవరైనా చదవగలిగేలా ఉండాలి. రోగి సమ్మతి లేనిదే ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్యతో దేన్నీ కలపకు. ఈ విషయంలో నువ్వు తొందరపడితే నేను ఊరుకోను.

మన ఊళ్ళో 2005 ఆగస్టు 15న మొదలైన 108నే చూడు. దానికి దన్నుగా ఉన్న యాజమాన్యం 2009లో చిక్కుల్లో పడి చేతులు మారినా సేవ కొనసాగింది. మీ సంస్థ రేపు ఉన్నా లేకపోయినా రోగి చరిత్ర మిగిలేలా నిష్క్రమణ షరతు రాయించు. అలాగే బిల్లు ఆలస్యమైతే వడ్డీ షరతు కూడా. నీ దగ్గర పనిచేసే పిల్లల జీతాలు ఆగితే నువ్వు తిండి మానేస్తావని నాకు తెలుసు.

ఆదివారం ముసాయిదా పట్టుకురా. అనుబంధాలు మాత్రం నాకు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించు.

మీ పెదనాన్న